వేన్నీళ్ళకు ఇల్లు కాలదు గానీ, నాసి తీగకు కాలుతుంది
గీజరు పెట్టించుకునే ముందు రాజోలి గృహస్థులు వేసుకోవలసిన లెక్కలు

రాజోలి: వేన్నీళ్ళకు ఇళ్ళు కాలవని పెద్దలు చెప్పిన సామెత. కట్టెల పొయ్యి మీద కాగు పెట్టి నీళ్ళు కాచుకున్న రోజుల్లో పుట్టిన మాట అది. ఇప్పుడు నీళ్ళు కాచేది కరెంటు. నీళ్ళకు ఇల్లు కాలకపోవచ్చు గానీ, ఆ నీళ్ళు కాచే తీగ సన్నగా వుంటే ఇల్లూ కాలుతుంది, మనిషి ప్రాణానికీ ముప్పు వస్తుంది. కాబట్టి గీజరు కొనాలనుకునే వారు అంగట్లో ధర అడగడానికి ముందు తమ ఇంటి గోడలోని తీగను, మిద్దె మీది తొట్టిని, పెరట్లోని ఎర్తు గుంటను ఒకసారి చూసుకోవడం మంచిది.

తుంగభద్ర ఒడ్డున వున్న రాజోలిలో చలికాలం తెల్లవారుజామున నది మీదుగా వీచే గాలి ఎట్లా వుంటుందో ఇక్కడి వారికి చెప్పనక్కరలేదు. పొద్దస్తమానం గుంట మగ్గంలో కాళ్ళు పెట్టి కూర్చుని గద్వాల చీరలు నేసే వారికి రెండు చెంబుల వేన్నీళ్ళు విలాసం కాదు, అవసరం. ముసలివారు, పసిపిల్లలు, బాలింతలు వున్న ఇళ్ళ సంగతి సరేసరి. ఇన్నాళ్ళూ కంది కట్టె, పత్తి కట్టె ఈ అవసరం తీర్చాయి. ఇప్పటికీ చాలా ఇళ్ళల్లో తీరుస్తూనే వున్నాయి. అయితే కొత్తగా కట్టుకున్న ఇళ్ళల్లో పొయ్యికి చోటు లేదు, పొగ పోయే దారి లేదు. అందుకే ఒక ఇంట్లో హీటరు కడ్డీ, మరొక ఇంట్లో గీజరు, ఇంకొక ఇంటి మీద సోలారు గొట్టాలు కనిపిస్తాయి.

వీటిలో ఏది ఎవరికి తగును? ఎంత ఖర్చవుతుంది? ఇంట్లో ఏమేమి వుండాలి? ఈ ప్రశ్నలకు జవాబు దుకాణదారు చెప్పే మాటలో సగమే వుంటుంది. మిగతా సగం ఇక్కడ వివరిస్తున్నాం.

బకెట్టు నీళ్ళకు ఎంత కరెంటు?

ఏ పరికరం కొన్నా నీటిని వేడి చేయడానికి కావలసిన శక్తి ఒక్కటే. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కిలో క్యాలరీ కావాలి. ఒక యూనిట్ కరెంటులో 860 కిలో క్యాలరీలు వుంటాయి. ఈ రెండు అంకెలు గుర్తు పెట్టుకుంటే ఎవరి లెక్క వారే వేసుకోవచ్చు.

చలికాలంలో తొట్టి నీరు 22 డిగ్రీలు వుందనుకుందాం. స్నానానికి 40 డిగ్రీలు చాలు. అంటే 18 డిగ్రీలు పెంచాలి. 15 లీటర్ల బకెట్టుకు 270 కిలో క్యాలరీలు, అనగా యూనిట్‌లో మూడో వంతుకు కొంచెం తక్కువ. నలుగురున్న ఇంట్లో నాలుగు బకెట్లకు రోజుకు యూనిట్టుం బావు, నెలకు 38 యూనిట్లు అవుతాయి.

ఇదే పనికి గ్యాసు పొయ్యి వాడితే రోజుకు దాదాపు 160 గ్రాముల గ్యాసు ఖర్చవుతుంది. నెలకు సుమారు 5 కిలోలు. 14.2 కిలోల సిలిండరులో మూడో వంతు స్నానాల కిందికే పోతుందన్న మాట. కట్టెల పొయ్యి అయితే మంటలో ఎక్కువ భాగం గాలికి పోతుంది గనుక, రోజుకు రెండున్నర, మూడు కిలోల కట్టె కావాలి. చేలో కట్టె ఉచితంగా దొరికే వారికి దీనికి మించినది లేదు. కొనుక్కునే వారికి మాత్రం ఇది చౌక కాదు. ఊదుగొట్టం పట్టుకునే ఆడవారి కళ్ళకు, ఊపిరికి పడే కష్టం ఏ లెక్కలోనూ రాదు.

ఏ పరికరం ఎవరికి?

హీటరు కడ్డీ: అన్నిటికంటే చౌక. ఐదు వందల నుంచి వెయ్యి రూపాయల లోపు మంచి కడ్డీ వస్తుంది. 1,500 వాట్ల కడ్డీ బకెట్టు నీటిని 12, 13 నిమిషాల్లో కాస్తుంది. 1,000 వాట్లదానికి 19 నిమిషాలు పడుతుంది. నల్లా నీరు గంటో రెండు గంటలో వచ్చి ఆగిపోయే ఇళ్ళల్లో, మిద్దె మీద తొట్టి లేని ఇళ్ళల్లో ఇదే దిక్కు. ప్రమాదం ఎక్కువ వున్నదీ దీనితోనే. ఆ సంగతి కిందికి చెప్పుకుందాం.

అప్పటికప్పుడు కాచే గీజరు: మూడు లీటర్లది, 3,000 వాట్లది. ధర రెండున్నర వేల నుంచి నాలుగున్నర వేల వరకు వుంటుంది. చిన్నది, చూడ ముచ్చటైనది. అయితే నిమిషానికి దాదాపు రెండున్నర లీటర్ల స్నానపు నీరే ఇస్తుంది. బకెట్టు నిండడానికి ఆరు నిమిషాలు దాటుతుంది. నల్లా పూర్తిగా తిప్పితే నీరు చల్లగా వస్తోందని చాలామంది పరికరాన్ని తప్పు పడతారు. తప్పు పరికరానిది కాదు, తిప్పిన చేతిది. పైగా ఇది 13 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. పాత తీగలున్న ఇంటికి ఇది తగదు.

నిలవ గీజరు: 15 లీటర్లది, 2,000 వాట్లది ఆరు వేల నుంచి పది వేల రూపాయల మధ్య దొరుకుతుంది. 25 లీటర్లదానికి మరో రెండు మూడు వేలు అదనం. 15 లీటర్లే కదా, ఒక్క బకెట్టే కదా అనుకోరాదు. లోపల నీరు 60 డిగ్రీలకు కాగుతుంది. దానికి చన్నీళ్ళు కలిపితే 30 లీటర్లకు పైగా స్నానపు నీరు, అనగా రెండు బకెట్లు వస్తాయి. వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం. మళ్ళీ కాగడానికి 20 నిమిషాలు పడుతుంది. నలుగురున్న ఇంటికి ఇది చాలు.

గ్యాసు గీజరు: దీన్ని స్నానాల గదిలో బిగించరాదు. ఎవరెన్ని చెప్పినా బిగించరాదు. మూసిన గదిలో గ్యాసు మండితే గాలిలోని ప్రాణవాయువు తగ్గిపోయి కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. స్నానానికి వెళ్ళిన మనిషి స్పృహ తప్పి పడిపోతాడు, పిలిచినా పలకడు. ఈ విధంగా దేశంలో ఎన్నో నిండు ప్రాణాలు పోయాయి. పెట్టుకోక తప్పదనుకుంటే పరికరం ఇంటి బయట గోడకు, గాలి ధారాళంగా తగిలే చోట వుండాలి. వేన్నీళ్ళ గొట్టం మాత్రమే లోపలికి రావాలి.

ఎనిమిది వేల గీజరు పంతొమ్మిది వేలు ఎందుకవుతుంది?

దుకాణంలో ఎనిమిది వేలు పెట్టి 15 లీటర్ల గీజరు కొని, ఐదు వందలు కూలి ఇస్తే పని అయిపోతుందనుకునే వారే ఎక్కువ. గోడకు తగిలించడం వరకూ అది నిజమే. భద్రంగా పని చేయాలంటే లెక్క వేరు.

మీటరు నుంచి స్నానాల గది వరకు 15 మీటర్ల దూరం వుందనుకుందాం. అక్కడి వరకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ విడిగా లాగాలి. ఎర్తు తీగతో కలిపి రమారమి 1,700 రూపాయలు. 16 ఆంపియర్ల స్విచ్చి, ప్లగ్గు, దానికి ప్రత్యేకంగా ఎంసిబి కలిపి 700. షాకు తగలబోతే కన్ను మూసి తెరిచే లోపల కరెంటు ఆపేసే ఆర్‌సిసిబి 2,000. ఎర్తు గుంట తవ్వించి గొట్టం దించడానికి 3,500. వేడికి మెత్తబడని సిపివిసి గొట్టాలు, రెండు మెలిక గొట్టాలు, నల్లాలు 1,500. ఎలక్ట్రీషియను, ప్లంబరు కూలి 2,000. వీటికి గీజరు ధర ఎనిమిది వేలు కలిపితే మొత్తం 19,400 రూపాయలు.

ఈ ధరలు సుమారువి. కర్నూలులో కొన్నా, గద్వాలలో కొన్నా, ఐజలో కొన్నా వందో రెండు వందలో తేడా వుంటుంది. కంపెనీని బట్టి ఇంకా మారవచ్చు. గమనించవలసిన సంగతి ఏమంటే, గీజరు ధర కంటే దాని చుట్టూ అయ్యే ఖర్చే ఎక్కువ. ఇందులో ఎర్తు గుంట, ఆర్‌సిసిబి గీజరుకు మాత్రమే కాదు, ఇంటిల్లిపాదికీ రక్షణ. మిక్సీ, ఫ్రిజ్జు, తడి చేతితో పట్టుకునే మోటారు స్విచ్చి అన్నీ వాటి నీడలోకి వస్తాయి. ఇవి ముందే వున్న ఇంట్లో ఖర్చు ఐదున్నర వేలు తగ్గుతుంది.

సొమ్ము చాలకపోతే ఏది మానాలి? మానవలసింది గీజరును గాని, ఎర్తును కాదు. ముందు సంవత్సరం ఎర్తు, ఆర్‌సిసిబి, తీగ వేయించి, వచ్చే సంవత్సరం గీజరు కొనుక్కున్నా నష్టం లేదు. ముందు గీజరు, తరువాత ఎప్పుడో ఎర్తు అనుకోవడమే ప్రమాదం.

తీగ సంగతి

రెండు వేల వాట్ల గీజరు 230 వోల్టుల వద్ద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. మూడు వేల వాట్లది 13 ఆంపియర్లు. ఫ్యాను, లైటు కోసం పెట్టిన చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లకే తట్టుకుంటుంది. పెద్ద ప్లగ్గు చిన్న రంధ్రాల్లో పట్టదు గనుక మధ్యలో మార్పిడి ముక్క పెట్టి నడిపించడం అలవాటయింది. కొన్ని రోజులు బాగానే నడుస్తుంది. తరువాత ప్లగ్గు చుట్టూ గోడ గోధుమ రంగుకు తిరుగుతుంది, కాలిన వాసన వస్తుంది. అది ఇల్లు ఇస్తున్న హెచ్చరిక.

రెండు వేల వాట్లకు 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, మూడు వేల వాట్లకు 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయాలి. మధ్యలో అతుకులు వుండరాదు. తీగ మీద, పరికరం మీద ఐఎస్ఐ గుర్తు చూసి తీసుకోవాలి. నిలవ గీజరుకు ఐఎస్ 2082, హీటరు కడ్డీకి ఐఎస్ 368 ప్రమాణాలు వున్నాయి. ఆ అంకె, దాని మీద ఐఎస్ఐ గుర్తు లేని సరుకు సగం ధరకు ఇచ్చినా తీసుకోరాదు.

ఎర్తు విషయంలో ఒక దురభ్యాసం వుంది. ఎర్తు గుంట లేని చోట న్యూట్రలు తీగనే ఎర్తు బిందువుకు కలిపి పని అయిపోయిందనిపిస్తారు. స్తంభం దగ్గర న్యూట్రలు తెగిన రోజున గీజరు తొట్టి, నల్లా, గొట్టం అన్నింటికీ కరెంటు వస్తుంది. ఈ పని చేయనివ్వరాదు. ఎండాకాలంలో నేల ఎండి ఎర్తు బలం తగ్గుతుంది గనుక గుంటలో అప్పుడప్పుడు నీళ్ళు పోయాలి. ఆర్‌సిసిబి మీద పరీక్ష మీట వుంటుంది. నెలకొకసారి నొక్కి చూడాలి. నొక్కగానే కరెంటు పోతే అది బతికి వున్నట్టు.

వోల్టేజీ తక్కువగా వుంటే గీజరు చెడిపోదు గాని, ఆలస్యంగా కాస్తుంది. 230 వోల్టులకు బదులు 180 వస్తే 20 నిమిషాల పని 33 నిమిషాలు పడుతుంది. నీళ్ళు కాగడం లేదని మెకానిక్‌ను పిలవడానికి ముందు వోల్టేజీ చూసుకోవాలి.

ఇదిలా వుండగా, మీటరు తీసుకున్నప్పుడు రాయించుకున్న లోడు సంగతి చాలామందికి గుర్తుండదు. రెండు దీపాలు, ఒక పంకా వున్న రోజుల్లో తీసుకున్న కనెక్షను మీద ఇప్పుడు రెండు వేల వాట్లు అదనంగా పడతాయి. విద్యుత్ సెక్షను కార్యాలయంలో అదనపు లోడుకు దరఖాస్తు పెట్టి, కట్టవలసిన రుసుము కట్టి రసీదు తీసుకోవడం పద్ధతి. వీధి మొత్తం చెప్పకుండా గీజర్లు పెట్టుకుంటే తెల్లవారుజామున ట్రాన్స్‌ఫార్మరు మీద ఒక్కసారిగా భారం పడుతుంది. ఫ్యూజు పోతే అందరి నీళ్ళూ చల్లబడతాయి.

రెండు వందల గీత

తెల్ల రేషను కార్డు వున్న ఇళ్ళు ముఖ్యంగా గమనించవలసిన విషయం ఇది. గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి నెలకు 200 యూనిట్ల వరకు వాడుకున్న అర్హులకు సున్నా బిల్లు వస్తోంది. 200 దాటితే దాటిన యూనిట్లకే కాదు, మొత్తానికీ బిల్లు కట్టాలి.

ఒక ఇంట్లో దీపాలు, టీవీ, ఫ్రిజ్జు కలిసి నెలకు 150 యూనిట్లు కాలుతున్నాయనుకుందాం. గీజరు స్నానాలకు 38 యూనిట్లు. మొత్తం 188. బిల్లు సున్నా. అదే ఇంట్లో గీజరు స్విచ్చి ఆపకుండా రాత్రింబవళ్ళు వదిలేస్తే, తొట్టిలో వేడి చల్లారుతూ, మళ్ళీ కాగుతూ రోజుకు సుమారు అర యూనిట్ వృథా అవుతుంది. నెలకు 15 యూనిట్లు. మొత్తం 203. గీత దాటింది. 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం మొదటి 200 యూనిట్లకు యూనిట్‌కు 5 రూపాయల 10 పైసలు, ఆ పైన 7 రూపాయల 70 పైసలు. అంటే 1,043 రూపాయలు కట్టాలి. స్థిర చార్జీలు అదనం. వాడింది 15 యూనిట్లు ఎక్కువ, పోయింది వెయ్యి రూపాయలు.

పథకం లేని వారికీ ఈ గీత వుంది. అవే రేట్ల ప్రకారం సరిగ్గా 200 యూనిట్లు కాలిస్తే 820 రూపాయలు. 201 కాలిస్తే 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్‌కు 207 రూపాయలు పైబడి తేడా.

దీనికి విరుగుడు సులువు. స్నానానికి అరగంట ముందు స్విచ్చి వేసి, నీళ్ళు కాగగానే ఆపాలి. ఇంట్లో వారంతా ఒకరి తరువాత ఒకరు వెంటవెంటనే స్నానాలు ముగించాలి. నెల మధ్యలో ఒకసారి మీటరు చూసుకుని, నూరు దాటిందా లేదా అని లెక్క వేసుకోవాలి. చలికాలంలో పంకాలు, కూలర్లు ఆగుతాయి గనుక కొంత వెసులుబాటు వుంటుంది. కొనేటప్పుడు నక్షత్రాల చీటీ చూడాలి. నక్షత్రాలు ఎక్కువ వున్న గీజరు కాచేటప్పుడు తక్కువ తినదు, కాచిన వేడిని ఎక్కువ సేపు నిలుపుతుంది. స్విచ్చి ఆపే అలవాటు వున్న ఇంటికి మూడు నక్షత్రాలకూ ఐదు నక్షత్రాలకూ పెద్ద తేడా కనిపించదు.

నీరు, తొట్టి, మిద్దె

గీజరుకు నీరు పై నుంచి రావాలి. మిద్దె మీద తొట్టి లేకపోతే గీజరు లేదు. 500 లీటర్ల ప్లాస్టిక్ తొట్టికి, మోటారుకు, గొట్టాలకు అయ్యే ఖర్చు విడిగా చూసుకోవాలి. తొట్టిలో నీరు వుందో లేదో చూడకుండా స్విచ్చి వేస్తే లోపలి కడ్డీ మాడిపోతుంది. కొత్తగా బిగించిన రోజున వేన్నీళ్ళ నల్లా నుంచి నీరు ధారగా వచ్చాకే స్విచ్చి వేయాలి.

గీజరుతో పాటు ఒక చిన్న ఇత్తడి కవాటం ఇస్తారు. లోపల ఒత్తిడి పెరిగితే నీటిని బయటికి వదిలేది అదే. దాని నుంచి నాలుగు చుక్కలు కారుతున్నాయని మూత బిగించే వారున్నారు. అది కుక్కరు విజిలు మీద రాయి పెట్టడం వంటిది. కారే చుక్కలకు చిన్న గొట్టం తగిలించి కిందికి వదలాలి తప్ప కవాటాన్ని మూయరాదు.

నీటి గుణం మరొక ముఖ్య సంగతి. ఏటి నీరు వేరు, బోరు నీరు వేరు. పప్పు ఉడకని, సబ్బు నురగ రాని బోరు నీరు గీజరుకు కూడా పడదు. కాగినకొద్దీ అందులోని సున్నం తెల్లటి పెచ్చుగా కడ్డీకి పడుతుంది. పెచ్చు మందమైనకొద్దీ నీరు ఆలస్యంగా కాగుతుంది. లోపలి కడ్డీ వేడి బయటికి పోలేక పగులుతుంది. పగిలిన కడ్డీ నుంచే కరెంటు నీటిలోకి దిగుతుంది. షాకుకు మూలం చాలాసార్లు ఇక్కడే వుంటుంది. బోరు నీరు వాడే ఇళ్ళల్లో ఏడాదికొకసారి కడ్డీ విప్పించి పెచ్చు గీకించాలి. లోపల తుప్పును తన మీద వేసుకునే మెగ్నీషియం కడ్డీ ఒకటి వుంటుంది. అది అరిగిపోతే తొట్టి తుప్పు పడుతుంది. దాన్నీ అప్పుడే చూసి మార్పించాలి. వేడి మీట 60 డిగ్రీలు దాటించరాదు. వేడి పెరిగినకొద్దీ పెచ్చూ పెరుగుతుంది. 60 డిగ్రీల నీరు ఐదారు సెకన్లలో చర్మం కాలుస్తుంది గనుక పిల్లలున్న ఇళ్ళల్లో ముందు చన్నీళ్ళు, తరువాత వేన్నీళ్ళు అన్న క్రమం తప్పరాదు.

సోలారు ఎవరికి లాభం?

ఎండకు కరువు లేని ప్రాంతం మనది. నూరు లీటర్ల సోలారు పరికరానికి పద్దెనిమిది వేల నుంచి ముప్పై వేల రూపాయల దాకా అవుతుంది. నీటితో కలిపి నూట యాభై కిలోలకు పైగా బరువు. దక్షిణం వైపు నీడ పడని చోటు కావాలి. చన్నీళ్ళ తొట్టి దాని కంటే ఎత్తున వుండాలి.

ఇక్కడ మిద్దె సంగతి ఆలోచించాలి. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి రాజోలిని ముంచినప్పుడు మట్టి మిద్దెల బలం ఎంతో ఊరంతా చూసింది. మిగిలిన పాత మట్టి మిద్దెల మీద, రేకుల మీద ఈ బరువు పెట్టరాదు. కాంక్రీటు కప్పు మీదనే, దూలం వున్న చోటనే దిమ్మెలు కట్టి నిలపాలి. కోతుల బెడద వున్న వీధుల్లో గాజు గొట్టాలకు వల కప్పాలి.

లాభనష్టాలు చూస్తే, నలుగురున్న ఇల్లు చలికాలం నాలుగు నెలలే వేన్నీళ్ళు వాడితే ఏడాదికి 152 యూనిట్లకు మించదు. యూనిట్‌కు 4 రూపాయల 80 పైసలు లెక్కన 730 రూపాయలు. దీని కోసం పాతిక వేలు పెట్టడం దండగ. పది మంది వున్న ఉమ్మడి కుటుంబానికి, ఏడాది పొడుగునా వేన్నీళ్ళు కావలసిన ఇంటికి సోలారు గిట్టుబాటు అవుతుంది.

పట్టు నూలు ఉడకబెట్టే, అద్దకం పని చేసే ఇళ్ళ లెక్క వేరు. పట్టులోని జిగురు పోవడానికి నీరు మరుగు స్థాయికి, సుమారు 95 డిగ్రీలకు రావాలి. 25 డిగ్రీల నీటిని 95కు తేవాలంటే 70 డిగ్రీలు పెంచాలి. సోలారు నీరు 60 డిగ్రీల వద్ద అందితే, పొయ్యి పెంచవలసింది 35 డిగ్రీలే. కట్టె ఖర్చులో నీటి వేడికి పోయే భాగం సగం మిగులుతుంది. ఎండ కాసినన్నాళ్ళూ, రోజూ మిగులుతుంది. ఒక్కొక్కరికి భారమైతే నలుగురు కలిసి అద్దకం షెడ్డు మీద ఒకటి పెట్టించుకోవచ్చు. ఆ దిశగా చేనేత సహకార సంఘాలు ఆలోచించవలసి వుంది.

సబ్సిడీ విషయంలో ఒక గందరగోళం వుంది. సోలారు నీళ్ళ పరికరాలకు కేంద్రం ఇచ్చిన రాయితీ 2014లోనే నిలిచిపోయింది. 2024లో వచ్చిన సూర్యఘర్ పథకం కరెంటు తయారుచేసే పలకలకు మాత్రమే. అందులో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు ముప్పై వేల చొప్పున, మూడు కిలోవాట్లకు మొత్తం 78 వేల రూపాయలు రాయితీ వుంది. ఆ రాయితీ నీళ్ళు కాచే గొట్టాలకు కూడా వస్తుందని ఎవరైనా చెప్పి బయానా అడిగితే ఇవ్వరాదు.

కడ్డీ వాడే వారు మరువరానివి

గీజరు, సోలారు అందని ఇళ్ళల్లో హీటరు కడ్డీ మరికొన్నేళ్ళు వుంటుంది. ఈ కొద్ది నియమాలు గోడ మీద రాసి పెట్టుకోదగినవి.

ఇనుప, స్టీలు, ఇత్తడి బకెట్టులో కడ్డీ పెట్టరాదు. ప్లాస్టిక్ బకెట్టే వాడాలి. కడ్డీ బకెట్టు అంచుకు, అడుగుకు తగలకుండా కట్టె అడ్డం పెట్టి వేలాడదీయాలి.

కడ్డీ మీద గీత వుంటుంది. ఆ గీత వరకు నీరు వుండాలి. నీటిలో ముంచిన తరువాతే స్విచ్చి వేయాలి.

నీరు కాగిందా అని వేలు ముంచి చూడరాదు. స్విచ్చి ఆపి, ప్లగ్గు ఊడదీసి, ఆ తరువాతే బకెట్టు ముట్టుకోవాలి. కరెంటు పోయింది కదా అని ప్లగ్గు వుండగా చేయి పెట్టరాదు. పోయిన కరెంటు చెప్పి రాదు.

తడి కాళ్ళతో, తడి నేల మీద నిలబడి స్విచ్చి ముట్టరాదు. కాళ్ళకు చెప్పులు వుండాలి. పిల్లలు తిరిగే చోట, స్నానాల గది లోపల కడ్డీ పెట్టరాదు.

కడ్డీకి మూడు కాళ్ళ ప్లగ్గే వుండాలి. మూడో కాలు విరగగొట్టి రెండు రంధ్రాల్లో పెట్టడం ప్రాణంతో చెలగాటం.

ఎవరైనా షాకు తగిలి పడిపోతే ముట్టుకోరాదు. ముందు మెయిను ఆపాలి. మెయిను అందకపోతే ఎండు కర్రతో తీగను దూరం చేయాలి. వెంటనే 108కి ఫోను చేయాలి.

అధికారులు చేయవలసినవి

2016 అక్టోబరులో జోగుళాంబ గద్వాల జిల్లాతో పాటు రాజోలి కూడా మండల కేంద్రమయింది. ఇళ్ళు పెరుగుతున్నాయి, వాటితో పాటు గీజర్లూ పెరుగుతున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ల వద్ద ఎర్తులు, వీధి న్యూట్రలు తీగలు చలికాలం రాకముందే పరీక్షించడం విద్యుత్ సిబ్బంది పని. అదనపు లోడు దరఖాస్తు పద్ధతిని, రుసుమును కార్యాలయం గోడ మీద తెలుగులో రాసి పెడితే జనం తిరగవలసిన పని తప్పుతుంది. వరద తరువాత కట్టిన ఇళ్ళలోనూ, పథకాల కింద కడుతున్న ఇళ్ళలోనూ ఎర్తు గుంట వుందో లేదో చూడకుండా బిల్లు మంజూరు చేయకుండా వుంటే మరీ మంచిది. ఆ గుంటకు అయ్యే ఖర్చు ఇల్లు కట్టే రోజున తక్కువ, గోడలు లేచాక ఎక్కువ.

గృహస్థులు చేయవలసింది మాత్రం ఒక్క మాటలో చెప్పవచ్చు. ముందు ఎర్తు, తరువాత తీగ, తరువాత తొట్టి, చివర గీజరు. ఈ వరుస తప్పని ఇంట్లో వేన్నీళ్ళు సుఖాన్నిస్తాయి, సామెతా నిలబడుతుంది.